సీసంలో థాలియం కలిపిన మనిషి: లెవ్ షుబ్నికోవ్

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మన పూర్వ విద్యార్థుల సంఘం వాళ్లు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాయగలవాళ్లు మన బ్యాచ్‌లోనే బోలెడుమంది ఉన్నారు. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని కనుక, నాకు తెలిసిన దారిలోనే ఒక మనిషి కథ చెబుతాను. ఆ మనిషికి నేను బాకీ పడి ఉన్నాను. అదేమిటో ముందే చెప్పేస్తాను.

తొమ్మిదో తరగతిలో మన సైన్సు మాస్టారు దండయస్కాంతం మీద తెల్లకాగితం పరిచి, ఇనుప రజను చల్లి, కాగితాన్ని వేలితో మెల్లగా తట్టడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రజను గీతలు గీతలుగా సర్దుకునేది. కంటికి కనపడని అయస్కాంత క్షేత్రం కళ్లముందు బొమ్మ కట్టేది. నేను భౌతికశాస్త్రం వైపు రావడానికి ఆ కాగితమే కారణం. తర్వాత లెక్చరర్నయ్యాక, ఫైనలియర్ పిల్లలకు అతివాహకాల పాఠం చెప్పేటప్పుడు ఏటా బోర్డు మీద రెండు గీతలు గీసేవాణ్ని. మొదటి రకం అతివాహకానిది ఒకటి, రెండో రకం అతివాహకానిది ఇంకొకటి. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న అది. కామర్లింగ్ ఆనెస్ పేరు చెప్పేవాణ్ని, మైస్నర్ పేరు చెప్పేవాణ్ని. రెండో గీతను ప్రయోగంతో మొదట పద్ధతిగా గీసిందెవరో మాత్రం చెప్పలేదు. నాకే తెలియదు కనుక చెప్పలేదు. రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటున్నప్పుడు తెలిసింది, ఆయన లెవ్ వసీల్యెవిచ్ షుబ్నికోవ్ అని. శాస్త్రలోకంలో ఆ పేరు తెలియనివాళ్లు తక్కువ. తెలియకుండా పాఠం చెప్పినవాణ్ని నేనే.

షుబ్నికోవ్ 1901 సెప్టెంబరు 29న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టారు. తండ్రి లెక్కలు రాసే గుమాస్తా ఉద్యోగి. రష్యాలో విప్లవం వచ్చిన మరుసటి ఏడాది, 1918లో, బడి చదువు ముగించి అక్కడి విశ్వవిద్యాలయంలో చేరారు. అంతర్యుద్ధం, ఆకలి, చలి కమ్ముకున్న రోజులవి. చదువుకునేవాళ్లే తక్కువ. ఆయనకు తెరచాప పడవలంటే మహా సరదా. 1921లో ఫిన్లండ్ సింధుశాఖలో పడవ వేసుకుని షికారుకెళ్లి ఫిన్లండ్ ఒడ్డున తేలారు. అది వేరే దేశం. అక్కడివాళ్లు వెంటనే తిరిగి పంపలేదు. అక్కణ్నుంచి జర్మనీ వెళ్లి, కొంతకాలానికి గానీ స్వదేశం చేరలేకపోయారు. కుర్రతనంలో జరిగిన ఈ సంగతి మామూలు రోజుల్లోనైతే నవ్వుకుంటూ చెప్పుకునే కథగా మిగిలేది. తర్వాత వచ్చిన రోజుల్లో విదేశంలో గడిపిన ప్రతి నెలా అనుమానానికి కారణమైంది.

తిరిగొచ్చాక పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువు కొనసాగించి 1926లో పట్టా పుచ్చుకున్నారు. చదువుతుండగానే ఇవాన్ ఒబ్రెయిమోవ్ దగ్గర పనిలో చేరారు. అక్కడ ఆయన చేతికి వచ్చిన విద్య స్ఫటికాలు పెంచడం. మామూలు లోహపు ముక్క చూడ్డానికి ఒకటే ముద్దలా ఉన్నా, లోపల లెక్కలేనన్ని చిన్న చిన్న రేణువులుంటాయి. ఒక్కో రేణువులో పరమాణువుల వరస ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటుంది. కరిగిన లోహాన్ని ఒక కొస నుంచి మెల్లమెల్లగా చల్లారనిస్తే, మొదట గట్టిపడ్డ రేణువు వరసనే మిగతా లోహమంతా అనుసరించి మొత్తం కడ్డీ ఒకే స్ఫటికమవుతుంది. దీన్నే ఏకస్ఫటికం అంటారు. 1924లో వీళ్లిద్దరూ ప్రకటించిన పద్ధతి ఇప్పటికీ ఇద్దరి పేర్లమీదే ఉంది. దీనికి తొందరపాటు పనికిరాదు. మన ఇళ్లలో పటికబెల్లం కట్టించేవాళ్లకు ఈ సంగతి తెలుసు. పాకం కదిలినా, త్వరగా చల్లారినా కండ కట్టదు.

ఈ చేతి పనితనమే ఆయన్ని హాలండ్‌లోని లైడెన్‌కు పంపింది. 1908లో హీలియం వాయువును మొదటిసారి ద్రవంగా మార్చింది అక్కడే. పాదరసాన్ని అందులో చల్లబరిస్తే దాని విద్యుత్ నిరోధం ఉన్నట్టుండి మాయమవుతుందని 1911లో కామర్లింగ్ ఆనెస్ కనుక్కున్నదీ అక్కడే. 1926 నాటికి ద్రవ హీలియం దొరికే ప్రయోగశాలలు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కించదగినవి. ఆ శీతల ప్రయోగశాలలో డి హాస్ అనే ఆచార్యునికి శుద్ధమైన బిస్మత్ స్ఫటికాలు కావలసి వచ్చాయి. షుబ్నికోవ్ బిస్మత్‌ను మళ్లీ మళ్లీ శుద్ధి చేసి, తన పద్ధతిలో స్ఫటికాలు పెంచారు. వాటిని చల్లబరిచి, అయస్కాంత క్షేత్రాన్ని పెంచుతూ నిరోధం కొలిస్తే, అది తిన్నగా పెరగకుండా అలలాగా ఎక్కుతూ దిగుతూ కనిపించింది. అంతకుముందు కొలిచినవాళ్లకు ఆ అల కనిపించకపోవడానికి కారణం, వాళ్ల బిస్మత్ అంత శుద్ధమైనది కాకపోవడమే. 1930లో వెలువడిన ఈ ఫలితాన్ని షుబ్నికోవ్-డి హాస్ ప్రభావం అంటారు. లోహంలో ఎలక్ట్రాన్లు ఎలా తిరుగుతాయో తెలుసుకోవడానికి నేటికీ వాడే సాధనమిది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, అతివాహకానికీ అయస్కాంతానికీ ఉన్న తగవు చెప్పాలి. సీసం తీసుకోండి. పరమశూన్యం నుంచి 7.2 డిగ్రీల ఎత్తుకు, అంటే దాదాపు మైనస్ 266 సెల్సియస్‌కు చల్లబరిస్తే సీసం అతివాహకమవుతుంది. కానీ పక్కనే అయస్కాంతం పెట్టి క్షేత్రాన్ని పెంచుతూ పోతే, ఒక హద్దు దాటగానే అతివాహకత చచ్చిపోయి మామూలు సీసమైపోతుంది. దీన్ని సందిగ్ధ క్షేత్రం అంటాం. సీసానికి అది ఎంత చల్లబరిచినా 0.08 టెస్లాయే, అంటే మంచి దండయస్కాంతం కొన దగ్గర ఉండే బలంతో పోల్చదగినది. అతివాహక తీగ చుట్టి బ్రహ్మాండమైన విద్యుదయస్కాంతం తయారు చేద్దామని కామర్లింగ్ ఆనెస్ కన్న కల ఈ హద్దు దగ్గరే ఆగిపోయింది. తీగలో ప్రవాహం పెరిగితే దాని అయస్కాంత క్షేత్రం పెరుగుతుంది, ఆ క్షేత్రమే దాని అతివాహకతను చంపేస్తుంది. తర్వాత 1933లో బెర్లిన్‌లో మైస్నర్, ఓషెన్‌ఫెల్డ్ ఇంకో సంగతి కనుక్కున్నారు. అతివాహకమైన లోహం తన ఒంట్లోంచి అయస్కాంత క్షేత్రాన్ని పూర్తిగా బయటికి నెట్టేస్తుంది. హద్దు దాటేదాకా ఒక్క బలరేఖను కూడా లోపలికి రానివ్వదు, దాటాక అన్నిటినీ రానిస్తుంది. నేను బోర్డు మీద గీసిన మొదటి గీత ఇదే.

షుబ్నికోవ్ 1930లో స్వదేశానికి తిరిగొచ్చారు. వెంట భార్య ఓల్గా త్రపేజ్నికోవా ఉన్నారు. ఆమె కూడా భౌతికశాస్త్రవేత్తే. వాళ్లు చేరిన ఊరు ఉక్రెయిన్‌లోని ఖార్కోవ్. 2022లో యుద్ధం మొదలైనప్పుడు టీవీల్లో విన్న ఖార్కివ్ అదే. మన తెలుగు పిల్లలు ఎంతోమంది వైద్యవిద్యకు వెళ్లి, బాంబుల మధ్య నుంచి ఇళ్లకు చేరింది ఆ ఊరినుంచే. 1928లో అక్కడ ఉక్రెయిన్ భౌతిక-సాంకేతిక సంస్థ ఏర్పడింది. దానికి డైరెక్టరు ఆయన పాత గురువు ఒబ్రెయిమోవ్. అక్కడ సోవియట్ దేశంలోకెల్లా మొదటి శీతల ప్రయోగశాలను షుబ్నికోవ్ చేతుల్లో పెట్టారు. ఆయన వయసు అప్పటికి ముప్పై. ఉక్రెయిన్ పల్లెల్లో లక్షలమంది కరువుతో చనిపోతున్న ఆ సంవత్సరాల్లోనే, ఆయన యంత్రాలు బిగించి, పనివాళ్లకు శిక్షణ ఇచ్చి, మొదట హైడ్రోజన్‌ను, తర్వాత హీలియాన్ని ద్రవంగా మార్చగలిగారు. 1932లో లెవ్ లాండౌ ఆ సంస్థకు సైద్ధాంతిక విభాగాధిపతిగా వచ్చారు. ఒకరు ప్రయోగంలో దిట్ట, ఇంకొకరు సిద్ధాంతంలో దిట్ట. ఇద్దరికీ మంచి స్నేహం కుదిరింది.

ఖార్కోవ్‌లో ఆయన పట్టుకున్న చిక్కుప్రశ్న మిశ్రలోహాలది. శుద్ధమైన సీసం చిన్న క్షేత్రానికే లొంగిపోతుంది కదా. సీసంలో బిస్మత్ కలిపితే మాత్రం అంతకు ఎన్నో రెట్ల క్షేత్రంలో కూడా నిరోధం సున్నాగానే ఉంటుందని 1930లో లైడెన్‌లోనే తేలింది. అయితే మిశ్రలోహాలు మైస్నర్ చెప్పిన నియమాన్ని సరిగ్గా పాటించడం లేదు. క్షేత్రం కొంత లోపలికి దూరుతోంది, తీసేసినా కొంత అక్కడే చిక్కుకుపోతోంది. ఎందుకని? అప్పటి పెద్దల్లో ఎక్కువమంది చెప్పిన జవాబు, మిశ్రలోహం కలగాపులగపు సరుకు కాబట్టి అని. ఆక్స్‌ఫర్డ్‌లో మెండెల్సన్ దీన్ని స్పంజితో పోల్చారు. లోపల సన్నటి పోగుల వల ఒకటి ఉంటుందనీ, ఆ పోగులు గట్టి క్షేత్రాన్ని తట్టుకుంటాయనీ, మధ్య ఖాళీల్లో మామూలు సరుకు ఉంటుందనీ ఆయన ఊహ. అంటే అది పదార్థపు గుణం కాదు, తయారీలో లోపం. ఈ మాటలో తర్కం ఉంది. చాలా మిశ్రలోహాల విషయంలో అందులో నిజం కూడా ఉంది.

షుబ్నికోవ్‌కు ఇక్కడ తన పాత విద్య అక్కరకొచ్చింది. లోపం వల్లే అంటున్నారు కాబట్టి, లోపం లేని మిశ్రలోహం తయారు చేసి చూద్దామనుకున్నారు. ఎంచుకున్న జంట సీసం, థాలియం. ఆవర్తన పట్టికలో ఇవి పక్కపక్క ఇళ్లు. థాలియం పరమాణు సంఖ్య 81, సీసానిది 82. పరమాణువుల పరిమాణంలో పెద్ద తేడా లేదు. సీసానికి బయటి కక్ష్యలో నాలుగు ఎలక్ట్రాన్లుంటే థాలియానికి మూడు. అందుకని థాలియం పరమాణువు సీసం స్ఫటికంలోకి వెళ్లి, ఒక సీసం పరమాణువు కూర్చోవలసిన చోట పేచీ లేకుండా కూర్చుంటుంది. పాలల్లో నీళ్లలా కలిసిపోతుంది తప్ప, నీళ్లలో నూనెలా విడిపోదు. ఈ ఎంపికలోనే సగం ప్రయోగం ఉందని నాకనిపిస్తుంది. తప్పుడు జంటను ఎంచుకుని ఉంటే, ఎంత జాగ్రత్తగా కొలిచినా వచ్చేది స్పంజి జవాబే.

ఆయన, ఖోత్కెవిచ్, షెపెలెవ్, ర్యాబినిన్ కలిసి ఈ మిశ్రలోహాలను ఏకస్ఫటికాలుగా పెంచారు. పెంచాక కూడా కొలతకు దిగలేదు. కరిగే ఉష్ణోగ్రతకు కాస్త తక్కువలో ఆ కడ్డీలను చాలాసేపు కాచి ఉంచారు. ఆ వేడికి పరమాణువులు మెల్లగా అటూ ఇటూ జరిగి, ఎక్కడా ఎక్కువతక్కువలు లేకుండా సమంగా సర్దుకుంటాయి. తర్వాత ద్రవ హీలియంలో చల్లబరిచి, క్షేత్రాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ ఎంత లోపలికి వెళ్లిందో కొలిచారు. ఒకే మిశ్రలోహంతో ఆగలేదు. థాలియం పాలు ఒక శాతం లోపు నుంచి మొదలుపెట్టి, బరువులో సగం వరకు, మెట్టు మెట్టుగా పెంచుకుంటూ వెళ్లారు.

ఫలితం ఇదీ. థాలియం ఒక శాతం లోపు ఉన్నంతవరకు ఆ కడ్డీ శుద్ధమైన సీసంలాగే నడుచుకుంది. ఒకే హద్దు, హద్దు దాటగానే పూర్తి లొంగుబాటు. థాలియం కొన్ని శాతాలకు చేరేసరికి నడత మారిపోయింది. ఇప్పుడు హద్దులు రెండు. మొదటి హద్దు దాకా క్షేత్రం లోపలికి రాదు. అది దాటాక కొంచెం కొంచెంగా దూరడం మొదలవుతుంది, కానీ అతివాహకత పోదు. రెండో హద్దు దగ్గర గానీ అది పూర్తిగా మాయం కాదు. థాలియం పెరిగేకొద్దీ మొదటి హద్దు కిందికి దిగుతుంది, రెండో హద్దు పైకి ఎగబాకుతుంది, మధ్య ఎడం వెడల్పవుతుంది. లోపాలే కారణమైతే, ఇంత శుభ్రంగా సర్దిన స్ఫటికంలో ఇంత క్రమంగా ఈ మార్పు కనపడకూడదు. కాబట్టి ఇది తయారీలో దోషం కాదు, అతివాహకాల్లో ఇంకో జాతి. 1936లో చిన్న వ్యాసంగా, 1937లో రష్యన్ పత్రికలో పూర్తి వ్యాసంగా ఇది అచ్చయింది. నేను బోర్డు మీద గీసిన రెండో గీత ఇదే.

పరాయి పరమాణువు నాలుగైదు శాతం చేరినంత మాత్రాన అయస్కాంతం ముందు లోహం నడత ఎందుకు మారాలి? ఈ జవాబు ఆనాడు షుబ్నికోవ్ దగ్గర లేదు, ఇప్పుడు మన దగ్గర ఉంది. అతివాహకంలో ఎలక్ట్రాన్లు జతలుగా నడుస్తాయి. ఆ జత ఎంత దూరం పరుచుకుని ఉంటుందన్నది ఒక కొలత. బయటి క్షేత్రం లోహపు అంచు నుంచి ఎంత లోతు చొరబడగలదన్నది ఇంకో కొలత. శుద్ధమైన సీసంలో మొదటిది దాదాపు 80 నానోమీటర్లు, రెండోది అందులో సగానికి దగ్గర. జత దూరం పెద్దది, చొరబాటు చిన్నది. అటువంటి లోహం క్షేత్రాన్ని మొత్తంగా బయట ఉంచుతుంది, లేదా మొత్తంగా లొంగిపోతుంది. థాలియం పరమాణువులు దారిలో అడ్డం పడ్డప్పుడు ఎలక్ట్రాన్లు తిన్నగా పోలేక మాటిమాటికీ పక్కకు మళ్లుతాయి. దాంతో జత దూరం కుంచించుకుపోతుంది, చొరబాటు లోతు పెరుగుతుంది. రెండింటి నిష్పత్తి ఒక హద్దు దాటిందా, లోహానికి రాజీమార్గం దొరుకుతుంది. క్షేత్రాన్ని సన్నటి దారాలుగా తన గుండా పోనిస్తుంది. దారానికీ దారానికీ మధ్య అతివాహకత్వం చెక్కుచెదరకుండా ఉంటుంది.

అడ్డం పడే పరమాణువు ఏదైనా ఒకటేనా అంటే, కాదు. థాలియానికి సొంత అయస్కాంతత్వం లేదు కనుక ఎలక్ట్రాన్ జతను విడదీయదు, దారి మళ్లిస్తుందంతే. అదే గడోలినియంలాంటి మూలకమైతే కథ వేరు. దాని లోపలి కక్ష్యలో జతకూడని ఎలక్ట్రాన్లు ఏడు ఉంటాయి, కాబట్టి ప్రతి పరమాణువూ ఒక చిట్టి అయస్కాంతమే. జతలోని రెండు ఎలక్ట్రాన్లూ ఎదురెదురు దిక్కులకు తిరుగుతుంటాయి. ఈ చిట్టి అయస్కాంతం ఆ రెంటినీ చెరోవిధంగా లాగి జతను తెంచేస్తుంది. లాంథనంలో ఒక శాతం చుట్టుపక్కల గడోలినియం కలిపితే దాని అతివాహకత దాదాపు తుడిచిపెట్టుకుపోతుందని 1958లో అమెరికాలో బెర్న్ట్ మథియాస్ బృందం చూపించింది. ఒక శాతం థాలియం సీసాన్ని కదిలించను కూడా లేదు, ఒక శాతం గడోలినియం లాంథనాన్ని కూల్చేసింది. తేడా అంతా పరమాణువు లోపల ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకున్నాయన్న దాంట్లోనే ఉంది.

పరమాణువుల్లోని ఈ చిట్టి అయస్కాంతాల సంగతిని కూడా షుబ్నికోవ్ దంపతులు వదల్లేదు. ఓల్గాతో కలిసి ఆయన నీరు లేని ఐరన్ క్లోరైడ్‌ను, తర్వాత క్రోమియం, కోబాల్ట్, నికెల్ క్లోరైడ్లను చల్లబరిచి, వాటి విశిష్టోష్ణాన్ని కొలిచారు. ఒక ఉష్ణోగ్రత దగ్గర అది ఉన్నట్టుండి శిఖరంలా లేచి పడింది. లోపలి చిట్టి అయస్కాంతాలు ఒకటి పైకి, ఒకటి కిందికి చొప్పున ఎదురుబొదురుగా వరస కట్టడమే అందుకు కారణం. ఇప్పుడు యాంటీ ఫెర్రో అయస్కాంతత్వం అనే దానికి తొలి ప్రయోగ సాక్ష్యాల్లో ఇదొకటి. చాలా ఏళ్ల తర్వాత, 1986లో రాగి ఆక్సైడ్లలో, 2008లో ఇనుము ఉన్న పదార్థాల్లో కొత్తరకం అతివాహకత బయటపడింది. వాటి మూలపదార్థాల్లో ఉన్నది ఇటువంటి ఎదురుబొదురు వరసే. లాంథనం, ఇనుము, ఆర్సెనిక్, ఆక్సిజన్ ఉన్న ఒక పదార్థంలో కొంత ఆక్సిజన్ బదులు ఫ్లోరిన్ చేర్చగానే ఆ వరస చెదిరి అతివాహకత పుట్టింది. షుబ్నికోవ్ ఒక గదిలో ఇనుము క్లోరైడ్‌నూ ఇంకో గదిలో సీసం మిశ్రలోహాలనూ కొలిచారు. ఆ రెండు గదుల పనీ చివరికి ఒకే పదార్థంలో కలుసుకుంది. అది చూడడానికి ఆయన లేరు.

1937 నాటికి సోవియట్ దేశంలో అరెస్టులు ఉప్పెనలా వచ్చాయి. ఖార్కోవ్ సంస్థలో విదేశాల నుంచి వచ్చి పనిచేస్తున్నవాళ్లున్నారు, విదేశాల్లో చదివొచ్చినవాళ్లున్నారు. అదే నేరమైంది. లాండౌ ఆ ఏడాది మొదట్లో మాస్కో వెళ్లిపోయారు. షుబ్నికోవ్‌ను ఆగస్టు 6న పట్టుకుపోయారు. ఓల్గా అప్పటికి గర్భవతి. సంస్థలో విధ్వంసక ముఠా నడిపారని ఆరోపణ. తాను చేయని నేరాలన్నీ చేసినట్టు ఆయన చేత రాయించి సంతకం పెట్టించారు. బహిరంగ విచారణ లేదు. 1937 నవంబరు 10న కాల్చి చంపారు. వయసు 36. ఆయనతో పనిచేసిన గోర్స్కీ, రోజెంకెవిచ్‌లకూ అదే గతి పట్టింది. మరుసటి ఏడాది లాండౌను కూడా జైల్లో పెట్టారు. కాపిట్సా పూచీపడి విడిపించబట్టి ఆయన బతికారు. షుబ్నికోవ్ కోసం అలా నిలబడగలిగిన చేయి లేకపోయింది.

ఇంట్లోవాళ్లకు ఆయన ఏమయ్యారో చెప్పలేదు. ఓల్గా లెనిన్‌గ్రాడ్‌కు తిరిగివెళ్లి, పిల్లవాణ్ని పెంచుకుంటూ, భౌతికశాస్త్రంలోనే పని చేసుకున్నారు. కొన్నేళ్ల తర్వాత ప్రభుత్వం ఇచ్చిన కాగితంలో ఆయన 1945లో గుండె జబ్బుతో పోయారని ఉంది. ఎనిమిదేళ్ల కిందటే చంపేసిన మనిషికి కాగితం మీద ఎనిమిదేళ్ల ఆయుష్షు పోశారన్నమాట. అసలు తేదీ సోవియట్ కాలం ముగిసేవేళకు గానీ పైకి రాలేదు. 1956లో కేసు తిరగతోడినప్పుడు లాండౌ సాక్ష్యమిచ్చారు. దేశంలో శీతల భౌతికశాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఆయన ఒకరనీ, ఆ నష్టం పూడ్చలేనిదనీ రాసిచ్చారు. 1957లో షుబ్నికోవ్ నిర్దోషి అని ప్రకటించారు.

ఈ ఇరవై ఏళ్లూ ఆయన గీత ఏమైంది? ఆ పేరు పైకి అనడమే ప్రమాదమైన కాలం కనుక సొంత దేశంలో మరుగునపడింది. పశ్చిమ దేశాలవాళ్లు స్పంజి ఊహతోనే సరిపెట్టుకున్నారు. 1950లో గింజ్‌బుర్గ్, లాండౌ అతివాహకతకు కొత్త సమీకరణాలు రాశారు. లాండౌ శిష్యుడు అలెక్సీ అబ్రికోసోవ్ వాటిని ముందుకు తీసుకువెళ్లి, నిష్పత్తి ఒక హద్దు దాటితే క్షేత్రం దారాలుగా, క్రమమైన వరసల్లో లోపలికి దిగుతుందని లెక్కకట్టారు. లెక్క బాగుంది, ప్రయోగం ఏది? ఆయన షుబ్నికోవ్ సీసం-థాలియం కొలతలు తీసి పోల్చి చూసుకున్నారు. సరిపోయాయి. 1957లో, షుబ్నికోవ్ నిర్దోషి అని తేల్చిన ఆ సంవత్సరమే, అబ్రికోసోవ్ వ్యాసం అచ్చయింది. దానికి 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండు హద్దుల మధ్య ఉండే స్థితిని ఇప్పుడు షుబ్నికోవ్ దశ అని కూడా పిలుస్తారు.

1967లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఎస్‌మన్, ట్రాయ్‌బ్లె అనే ఇద్దరు ఆ దారాలను కళ్లకు చూపించారు. సీసం-ఇండియం మిశ్రలోహపు కడ్డీని చల్లబరిచి, క్షేత్రంలో ఉంచి, దాని మీద అతి సన్నని అయస్కాంత లోహపు రజను పడేలా చేశారు. దారాలు పైకి వచ్చే ప్రతి చోటా రజను చుక్కలా పేరుకుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఫోటో తీస్తే, పద్ధతిగా పెట్టిన ముగ్గు చుక్కల్లా వరసలు కనిపించాయి. ఆ ఫోటో మొదటిసారి చూసినప్పుడు నాకు మన బడి తెల్లకాగితమే గుర్తొచ్చింది. మాస్టారు చేసిన పనే ఇది కూడా. కాగితం బదులు సీసం, కిందున్న దండయస్కాంతం బదులు మైనస్ 270 డిగ్రీల దాపున నిలిచిన క్షేత్రం.

దీనివల్ల మనకు ఒరిగిందేమిటని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. విజయవాడలోనో హైదరాబాదులోనో నడుంనొప్పికి ఎమ్మారై తీయించుకున్నవాళ్లు మనలో తక్కువమంది కాదు. ఆ సొరంగం చుట్టూ ఉన్న తీగలు నియోబియం-టైటానియం మిశ్రలోహంతో చేసినవి. మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉంటాయి. సాధారణంగా అక్కడుండే క్షేత్రం 1.5 టెస్లా. శుద్ధమైన నియోబియం అర టెస్లా కూడా తట్టుకోలేదు. దాంట్లో బరువులో దాదాపు సగం టైటానియం కలిపితే, అదే చల్లదనంలో 10 టెస్లాల దాకా అతివాహకంగా నిలబడుతుంది. పరాయి పరమాణువు కలిపితే పై హద్దు లేస్తుందన్న ఖార్కోవ్ పాఠమే ఇక్కడా పనిచేస్తోంది. మనం ఆ యంత్రంలో పడుకున్నంతసేపూ చుట్టూ ఉన్న తీగలు షుబ్నికోవ్ కొలిచిన ఆ రెండు హద్దుల మధ్య స్థితిలోనే ఉంటాయి.

ఆయన ఖార్కోవ్‌లో పనిచేసింది ఏడేళ్లు. అందులో యంత్రాలు సమకూర్చుకోవడానికి పోయింది పోగా మిగిలినది ఇంకా తక్కువ. మనిషిని చంపారు, పేరు చెరిపారు, చావు తేదీ కూడా మార్చి రాశారు. కానీ ఏ పాలు థాలియం కలిపితే ఏ హద్దు ఎక్కడికి జరిగిందన్న కొలతలు మాత్రం అచ్చులో ఉండిపోయాయి. నిజాయితీగా కొలిచి రాసిపెట్టినవి కనుక, ఇరవై ఏళ్ల తర్వాత వేరొకరి లెక్కకు సాక్ష్యంగా నిలబడ్డాయి. లాబ్‌లో రీడింగులు కొంచెం అటూ ఇటూ దిద్ది గ్రాఫును నునుపుగా గీసుకొచ్చే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. వాళ్లను కోప్పడ్డానే గానీ ఈ కథ చెప్పలేకపోయాను.

నా బాకీ అదీ. నేను పాఠం చెప్పిన ముప్పైచిల్లర బ్యాచ్‌లలో ఒక్కరికి కూడా ఆ రెండో గీత పక్కన ఆయన పేరు రాసి చూపలేదు. ఇప్పుడు నా చేతిలో సుద్దముక్క లేదు. మన బడిలో చదివి మాస్టార్లు, లెక్చరర్లు అయినవాళ్లు ఈ సంచిక చదివేవాళ్లలో ఎంతోమంది ఉన్నారు. ఈసారి అతివాహకాల పాఠం వచ్చినప్పుడు, గీత గీశాక దాని పక్కన షుబ్నికోవ్, ఖార్కోవ్, 1937 అని రాయండి. ఎవరని పిల్లలు అడిగితే, పాఠం ఒక పది నిమిషాలు ఆగినా ఫరవాలేదు, చెప్పండి.